రెండు గ్లాసులు పక్కపక్కన

సభకు నమస్కారం.

బెంగళూరులో తెలుగువాళ్లం నెలకొకసారి కలుసుకునే ఈ కూటమిలో ఇంతవరకూ అవధానం మీద, వేమన మీద, చివరికి ఇంటి రుణాల మీద కూడా ప్రసంగాలు జరిగాయి. విస్కీ మీద మాట్లాడమని నన్ను అడిగినప్పుడు ముందు నవ్వు వచ్చింది, తరవాత బెరుకు కలిగింది. నేను ఈ విషయంలో పండితుణ్ణి కాను, నాలుగేళ్ల కిందట ఓనమాలు దిద్దినవాణ్ణి. పైగా పుట్టింది నెల్లూరు జిల్లాలో. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడగా, ఆ ఉద్యమం ఊరూరా పాకి 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం దాకా వెళ్లిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట పెరిగిన మా ఇంట్లో ‘మందు’ అంటే జ్వరానికి వేసుకునేది. ఆ మాటకున్న రెండో అర్థాన్ని ఎవరూ పైకి అనేవారు కారు. కనుక తాగని వారిని తాగమని చెప్పే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. ఎటూ తాగుతున్నవారు తమ గ్లాసులో ఉన్నదేమిటో తెలుసుకోవడానికి నాకు పనికివచ్చిన ఒక చిన్న పద్ధతి ఉంది. దాని గురించే మాట్లాడతాను.

ఆ పద్ధతి ఒక పొరపాటు వల్ల దొరికింది. అంతవరకూ నాకు తెలిసిన విస్కీ అంటే పెళ్లిళ్లలో మేడ మీద, ప్లాస్టిక్ గ్లాసులో, సోడా నిండా పోసి, పక్కన వేరుసెనగపప్పుతో ఇచ్చేది. ఒకసారి విదేశం నుంచి తిరిగివస్తూ, విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో ధర చూసి, సీసా మీది వయసు చూసి, స్కాట్లాండులోని ఐలా ద్వీపపు సింగిల్ మాల్ట్ ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చి మూత తీయగానే చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసిన టింక్చరు, దానివెనుక ఆసుపత్రి వరండా, దానివెనుక తడి కట్టెలు పెట్టిన పొయ్యి వాసన వచ్చాయి. సరుకు పాడైపోయిందనుకుని అలమరలో వెనక్కి నెట్టేశాను. కొన్ని నెలలకు ఇందిరానగర్‌లో ఉండే మిత్రుడొకడు దాన్ని బయటికి తీయించి, తను తెచ్చిన, స్కాట్లాండులోనే స్పేసైడ్ ప్రాంతపు విస్కీని ఒక గ్లాసులోను, నా ‘పాడైన’ విస్కీని ఇంకో గ్లాసులోను, ఒక్కొక్కటి మూత నిండుగా మాత్రమే పోసి, ‘రెండింటినీ మార్చి మార్చి వాసన చూడు, తాగకు’ అన్నాడు. విడిగా చూసినప్పుడు వాసనల ముద్దగా తోచినది, పక్కన ఇంకొకటి పెట్టగానే విడివడింది. మొదటి దానిలో ఆపిల్, తేనె ఉన్నాయని రెండోదాన్ని చూశాకే తెలిసింది. రెండోదానిలో పొగ కింద తీపి ఉందని మొదటిదానికి తిరిగివెళ్లినప్పుడు తెలిసింది. విస్కీని ఒక్కదాన్ని తెలుసుకోవడం కష్టం, రెండింటి మధ్య తేడాను పట్టుకోవడం సులువు అన్న సంగతి నాకు ఆ సాయంత్రం అర్థమైంది.

ఈ తేడాలు ఎక్కడ పుడతాయో చెప్పాలంటే గింజ దగ్గర మొదలుపెట్టాలి. మాల్ట్ అన్న మాట మనకు కొత్త కాదు. ఈ ఊళ్లో ఇంటింటా పిల్లలకు తాగించే రాగి మాల్ట్‌లోని మాల్టే ఇదీ. మా అమ్మ రాగులను నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలక కనపడగానే నీడన ఆరబోసి, దోరగా వేయించి మర పట్టిస్తుంది. మొలకెత్తే గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకోవడానికి కావలసిన ఎంజైములను సిద్ధం చేసుకుంటుంది. అప్పుడే ఆరబెట్టి మొలకను ఆపేస్తే ఆ శక్తి గింజలోనే నిలిచి ఉంటుంది. స్కాట్లాండువారు రాగులకు బదులు బార్లీతో ఇదే పని చేసి, ఆ మాల్టును వేడినీళ్లలో కలిపి తీపినీటిని తీసి, దాన్ని పులియబెట్టి, రాగిలోహపు బట్టీలలో సాధారణంగా రెండుసార్లు కాస్తారు. సింగిల్ మాల్ట్ అన్నప్పుడు ‘సింగిల్’ అంటే ఒకే పీపా అని నేను చాలాకాలం పొరపాటు పడ్డాను. ఒకే డిస్టిలరీలో, మాల్ట్ చేసిన బార్లీతో మాత్రమే తయారైనదని దాని అర్థం. ఆ డిస్టిలరీలోని ఎన్ని పీపాలనైనా అందులో కలపవచ్చు.

నన్ను బెదరగొట్టిన పొగ వాసన మొలకను ఆరబెట్టే దశలో వస్తుంది. ఐలా వంటి గాలిదీవులలో చెట్లు తక్కువ, బురదనేలలు ఎక్కువ. ఆ నేలలలో వేల ఏళ్లుగా మొక్కలు కుళ్లీ కుళ్లక పేరుకుపోయిన పొరను పీట్ అంటారు. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, పొయ్యిలో వంటచెరకుగా వాడుకుంటారు. ఆ పొగ మీద ఆరిన బార్లీ ఫినాల్ జాతి పదార్థాలను పట్టుకుంటుంది. ఫినాల్ అన్న పేరులో మన ఫినాయిల్ వినబడుతోంది కదా, నా ముక్కు ఆసుపత్రి వరండాకు వెళ్లడంలో తప్పేమీ లేదన్నమాట. ఈ పొగను పది లక్షల భాగాలలో ఇన్ని భాగాలని కొలుస్తారు. ఐలాలోని డిస్టిలరీలలో లాగవూలిన్ మాల్టుకు సుమారు 35, ఆర్డ్‌బెగ్ మాల్టుకు 50కి పైగా చెబుతారు. అయితే ఈ అంకె ఆరిన మాల్టులో కొలిచినదే తప్ప గ్లాసులో కొలిచినది కాదు; కాచేటప్పుడు, పీపాలో ఉన్నప్పుడు పొగ చాలా తగ్గుతుంది. ఐలా అనగానే పొగే అనుకోవడం కూడా సరికాదు. ఆ ద్వీపంలోనే ఉన్న బ్రూక్‌లాడీ డిస్టిలరీ తన పేరు మీద అమ్మే మాల్టుకు పీట్ పొగ పట్టించదు. స్కాట్లాండు విస్కీలను అయిదు ప్రాంతాలుగా విడదీసి పుస్తకాలు మొదటి పేజీలోనే వేసే పటం కొత్తవారికి సాయం చేసే దానికన్నా తికమక పెట్టేదే ఎక్కువని నా అభిప్రాయం. ఏ ఊరిదని అడిగే ముందు పొగ ఉందా, ఏ చెక్కలో పెరిగింది అని అడగడం మేలు.

చెక్క సంగతికి వద్దాం. బట్టీ నుంచి దిగినప్పుడు విస్కీ నీళ్లలా తెల్లగా ఉంటుంది. దాని రంగులో ఎక్కువ పాలు, రుచిలో సింహభాగం ఓక్ పీపాదే. కొన్నిచోట్ల రంగుకోసం కారమెల్ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది కనుక ‘ఎక్కువ పాలు’ అంటున్నాను. స్కాచ్ అనిపించుకోవడానికి స్కాట్లాండులోనే, 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. అమెరికావారి బర్బన్ విస్కీకి నియమం వేరు. గింజలలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, పీపా లోపలివైపు కాల్చిన కొత్త ఓక్‌ది కావాలి. ఒకసారి వాడిన పీపాలో మళ్లీ బర్బన్ పోయకూడదు కనుక ఆ పీపాలు చవగ్గా దొరుకుతాయి, లక్షలాదిగా స్కాట్లాండుకు, మన దేశానికి వస్తాయి. ఒకరి చట్టం ఇంకొకరి రుచి అయింది. అమెరికన్ ఓక్‌లో కొబ్బరి వాసనను ఇచ్చే లాక్టోన్ అనే పదార్థం ఉంటుంది, కాలిన చెక్క నుంచి వెనీలా వస్తుంది. నా ముక్కుకు మాత్రం అది సంక్రాంతికి చేసే కొబ్బరి లౌజు. స్పెయిన్ దేశపు షెర్రీ ద్రాక్షసారాయిని ఉంచిన పీపాలో పెరిగితే ఎండుద్రాక్ష, ఖర్జూరం, లవంగం వైపు తిరుగుతుంది. రెండు గ్లాసులతో మొదలుపెట్టదలచినవారికి నేను చెప్పే మొదటి జత ఇదే: బర్బన్ పీపాలో పెరిగినది ఒకటి, షెర్రీ పీపాలో పెరిగినది ఒకటి, రెండూ పొగ లేనివి.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడి నుంచి మైసూరు రోడ్డు మీద కెంగేరి దాటి వెళితే కంబిపుర దగ్గర అమృత్ డిస్టిలరీ ఉంది. 1948లో రాధాకృష్ణ జగ్దాలే స్థాపించిన ఈ సంస్థ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను మొదట విడుదల చేసిన చోటు బెంగళూరు కాదు, స్కాట్లాండులోని గ్లాస్గో. కొల్లేటివారికి చేపలు అమ్మబోయినట్టే కదా! 2010 నాటి తన పుస్తకంలో జిమ్ మర్రే అనే విమర్శకుడు అమృత్ ఫ్యూజన్‌కు నూటికి 97 మార్కులు వేసి, ప్రపంచంలో మూడో స్థానం ఇచ్చిన తరవాతే మనవాళ్లు తిరిగి చూశారు. ఫ్యూజన్ అన్న పేరు రెండు బార్లీల కలయికను చెబుతుంది: మన దేశపు పొగలేని బార్లీ, స్కాట్లాండు నుంచి తెచ్చిన పీట్ పొగ పట్టిన బార్లీ.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది వాతావరణం. పీపా చెక్క గాలి పీల్చుతుంది. లోపలి విస్కీ ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. చల్లని స్కాట్లాండులో అది ఏడాదికి సుమారు 2 శాతం. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న మన ఊళ్లో 10 నుంచి 12 శాతం దాకా పోతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. 200 లీటర్ల పీపాలో ఏటా 11 శాతం చొప్పున పోతే 5 ఏళ్లకు మిగిలేది 112 లీటర్లు, 12 ఏళ్లకు 50 లీటర్ల లోపు; అదే స్కాట్లాండులో 12 ఏళ్లకు కూడా 157 లీటర్లు మిగులుతుంది. అమృత్‌వారు 2013లో 8 ఏళ్ల విస్కీని తెచ్చినప్పుడు దానికి ‘గ్రీడీ ఏంజెల్స్’ అని, అంటే అత్యాశ దేవదూతలని, పేరు పెట్టుకున్నారు. ఈ వేడిలో చెక్క నుంచి రుచి కూడా త్వరగా దిగుతుంది. కనుక సీసా మీద ‘12’ అన్న అంకె లేదని మన విస్కీని తక్కువ చేయడం, వేసవిలో మూడు రోజులకే ఊరిన ఆవకాయను నెలనాళ్లు ఆగలేదని తప్పుపట్టడం లాంటిది. ఆ అంకె కూడా కలిపిన వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు మాత్రమే.

పెళ్లి మేడ మీది విస్కీని మరచిపోకూడదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవక రకాలలో చాలావాటికి మూలం గింజ కాదు, చక్కెర మిల్లులో మిగిలే మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దానిలో కొంత మాల్ట్ కలుపుతారు. ఐరోపాలో గింజలతో చేయనిదాన్ని విస్కీ అని అమ్మడానికి వీల్లేదు. దీన్ని తిట్టడానికి నాకు నోరు రాదు, నా మొదటి నాలుగైదేళ్లు దానితోనే గడిచాయి. సీసా మీద కనబడే 42.8 శాతం ఆల్కహాల్ అన్న వింత అంకె కూడా, ఘాటును కొలిచే పాత ఇంగ్లీషు ప్రూఫ్ లెక్కలోని 75 డిగ్రీల అవశేషం. దొరలు పోయారు, లెక్క మిగిలింది.

మిగతా దేశాలను త్వరగా దాటేస్తాను. ఐరిష్ విస్కీని తరచుగా మూడుసార్లు కాస్తారు కనుక తేలికగా ఉంటుంది. మాల్ట్ మీది పన్నును తప్పించుకోవడానికి మొలకెత్తని బార్లీని కూడా కలపడంతో పుట్టిన పాట్ స్టిల్ రకానికి నూనెలాంటి నునుపు ఉంటుంది. ఇంగ్లీషులో ఐర్లండువారు పేరుకు ఒక అక్షరం ఎక్కువ రాస్తారు, దాని మీద పెద్ద వాదాలున్నాయి. తెలుగులో రెండూ విస్కీలే, మనకు ఆ తగాదా లేదు. జపాన్‌వారి కథ 1918లో విస్కీ చదువు కోసం స్కాట్లాండు వెళ్లిన మసతాకా తకెత్సురుతో, 1923లో షింజిరో టోరీ స్థాపించిన యమజాకి డిస్టిలరీతో మొదలవుతుంది. సోడా కలపడం నామోషీ అనుకునేవారు జపాన్‌లో విస్కీకి సోడా చేర్చిన హైబాల్‌ను ఎంత శ్రద్ధగా కలుపుతారో చూడాలి.

నీళ్ల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ‘నీళ్లు కలిపితే చెడిపోతుంది’ అని గట్టిగా చెప్పేవారు ప్రతి బల్ల దగ్గరా ఒకరుంటారు. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో కంప్యూటరు నమూనాలతో గమనించినదేమిటంటే, పొగ రుచికి కారణమైన గ్వయకాల్ అనే పదార్థం 45 శాతం వరకూ ఉన్న ఆల్కహాల్ మిశ్రమంలో పైపొర దగ్గర చేరుతుంది, అంతకన్నా ఘాటైన దానిలో లోపలికి అణగిపోతుంది. పీపా నుంచి యథాతథంగా సీసాకెక్కిన ఘాటు విస్కీలో నాలుగు చుక్కలు వేస్తే వాసన విచ్చుకోవడానికి ఇదొక కారణం. మంచుగడ్డ మాత్రం వాసనను ముడుచుకునేలా చేస్తుంది. చల్లదనమే కావలసినప్పుడు వేసుకోండి, తేడా చూడదలచినప్పుడు వద్దు.

నా పద్ధతిలో ఆచరణ చాలా తక్కువ. పైన ఇరుకుగా ఉండే రెండు గ్లాసులు, ఒక్కొక్క దానిలో 15 మిల్లీలీటర్లు, పక్కన మంచినీళ్లు. ముక్కును గ్లాసులోకి దూర్చక అంచు దగ్గర ఆపి, నోరు కొంచెం తెరిచి వాసన చూడాలి. మొదటి గుక్క నాలుకను సిద్ధం చేయడానికే, దాన్ని లెక్కలో వేసుకోకూడదు. పొగది ఎప్పుడూ చివర. ఊరగాయ తిన్నాక పప్పు రుచి తెలియదు. ఒక సాయంత్రానికి ఒకే తేడా చూడాలి: ఈసారి చెక్క, వచ్చేసారి పొగ, ఆపైన గింజ. బెంగళూరులోనే కార్యాలయం ఉన్న జాన్ డిస్టిలరీస్ వారు గోవాలో తయారుచేసే పాల్ జాన్ విస్కీలలో బ్రిలియన్స్‌కు పొగ ఉండదు, బోల్డ్‌కు ఉంటుంది. ఒకే ఇంటి బిడ్డలు కనుక పొగ ఒక్కటే వేరుగా తెలుస్తుంది. రెండు సీసాలు కొనడం భారమైతే నలుగురు కలిసి కొనుక్కోండి. ఆ సాయంత్రం నేను బండి తాళం ఇంట్లోనే పెట్టి మెట్రోలో వెళతాను. కనిపించినదల్లా నోటుపుస్తకంలో మన మాటలలో రాసుకుంటాను. సీసా మీద అచ్చువేసిన హెదర్ పూలు, మార్మలేడ్ నేను ఎన్నడూ ముక్కుతో ఎరుగను, ఎరగనిదాన్ని ఒప్పుకుంటూ పోతే నా ముక్కు నాకు పనిచేయదు.

కిందటి సంక్రాంతికి మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చింది. ముందు రాత్రి నేను తాగి వదిలేసిన షెర్రీ పీపా విస్కీ గ్లాసు వంటింటి గట్టు మీద ఉండిపోయింది. ఆల్కహాల్ ఎగిరిపోయాక ఖాళీ గ్లాసులో చెక్క వాసన ఒక్కటే మిగులుతుందని, అందుకే దాన్ని కడగకుండా ఉంచానని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. పొద్దున్నే గ్లాసు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూడకుండానే, ‘దీనికా నాయనా అంత డబ్బు పోస్తున్నావు? అడుగంటిన తాటిబెల్లం పాకం వాసన వస్తోంది’ అంది. రెండు వారాలుగా నోటిదాకా వచ్చి దొరకని మాట అది. నేను నోటుపుస్తకం వెతుక్కునేలోపల ఆమె గ్లాసును సబ్బు పెట్టి రెండుసార్లు కడిగి బోర్లించేసింది.