కన్ను జారిపోతుంటే తప్పు కన్నుది కాదు

నమస్తే అండీ. పోయినేడు నాగోల్‌లో ఒక ఫంక్షన్ హాల్, పెళ్లి భోజనాలు. మా చిన్నాన్న నా పక్కనే కూర్చుని గట్టిగా తుమ్మాడు. ఎడమ కన్ను జారి ప్లేటు పక్కన పడింది. చిన్నమ్మ గబుక్కున కొంగు అడ్డం పెట్టింది. ఆయన దాన్ని కర్చీఫ్‌లో చుట్టి జేబులో వేసుకుని, నల్లద్దాలు తగిలించుకుని మళ్లీ అన్నం కలుపుకున్నాడు. అంత అలవాటైపోయింది.

ఇరవై ఏళ్ల కింద వెల్డింగ్ షాపులో ఇనుప ముక్క కంట్లో పడింది. చీము పట్టింది, కన్ను తీసేశారు. తర్వాత రెడీమేడ్ కృత్రిమ కన్ను ఒకటి కొనుక్కున్నాడు. కొన్నేళ్లు బాగానే ఉంది, ఆ తర్వాత జారడం మొదలైంది. "ఇంకొంచెం పెద్ద సైజు చేయించుకుంటే ఆగుతుందిరా" అనేవాడు. నేనూ నిజమే అనుకున్నా. తీరా చూస్తే అసలు తేడా దాని వెనకాల ఉంది.

మన కనుగుడ్డు అడ్డంగా సుమారు 24 మిల్లీమీటర్లు. దాని పరిమాణం దాదాపు 7 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచాలు. దాన్ని తీసేస్తే లోపల అంత ఖాళీ మిగులుతుంది. పైన పెట్టుకునే కృత్రిమ కన్ను ఒక పలచటి పెంకు మాత్రమే, అది ఆ ఖాళీని నింపలేదు. అందుకే ముందు లోపల ఒక బంతి పెడతారు, పెద్దవాళ్లకు మామూలుగా 18 నుంచి 22 మిల్లీమీటర్లది. పిల్లలాడుకునే గోలీ అంత ఉంటుంది. యాక్రిలిక్, సిలికాన్, లేదా సన్నటి రంధ్రాలుండే పాలిథీన్‌తో చేస్తారు. కన్ను తిప్పే కండరాలను దానికి కలిపి, పైన పొరలు కుట్టేస్తారు. బయటికి కనపడదు. పైనున్న పెంకు కాస్తో కూస్తో కదిలేది ఈ బంతి వల్లే. ఇదేమీ నిన్న మొన్నటి ఆలోచన కాదు, 1885లోనే మ్యూల్స్ అనే ఇంగ్లండ్ డాక్టర్ గాజు గోళీ పెట్టాడు.

మా చిన్నాన్నకు బంతే పెట్టలేదు. ఆ హాస్పిటల్ పేరు ఇక్కడ అనవసరం. బంతి లేక పై రెప్ప మీద గుంట పడింది, పెంకు లోపలికి కుంగింది. ఇంకో సంగతి, కింది రెప్ప వెనకాల జేబులాంటి మడత ఒకటి ఉంటుంది. పెంకు అంచు కూర్చునేది అందులోనే. ఏళ్ల తరబడి సరిపోని పెంకు రాసుకుని రాసుకుని ఆ జేబు మచ్చకట్టి ముడుచుకుపోయింది. చిరిగిన జేబులో చిల్లర ఆగుతుందా? పెద్ద పెంకు పెడితే ఆ బరువుకు కింది రెప్ప ఇంకా సాగుతుందని, ఈమధ్య మేం చూపించిన డాక్టరమ్మ చెప్పింది.

అందుకే మళ్లీ ఆపరేషన్ చేసి, ఈసారి బంతి పెట్టారు. జేబుకి కొత్త అస్తరు కావాలిగా, అది నోట్లోంచి తెచ్చారు! కింది పెదవి లోపలి పొరను పలచగా కోసి, కంటి గుంటలో పరిచి కుట్టారు. నోటి పొర కూడా తడిగానే ఉంటుంది కాబట్టి అక్కడ సరిగ్గా అతుక్కుంటుంది. మళ్లీ ముడుచుకోకుండా గిన్నె ఆకారంలో ఉండే ప్లాస్టిక్ కన్ఫార్మర్ పెట్టి, రెప్పల్ని కొన్నాళ్లు కుట్టేశారు. ఇంకొందరికి పిరుదు దగ్గర్నుంచి చర్మం కింది పొరను కొవ్వుతో సహా తెచ్చి పెడతారు. పసిపిల్లలకు ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే అది వాళ్లతో పాటే పెరగగలదు. లోపల నిండుగా ఉంటేనే గుంట చుట్టూ ఎముక సరిగ్గా పెరుగుతుంది.

రెండు నెలలయ్యాక కన్ను తయారుచేసే ఆయన దగ్గరికి వెళ్లాం, ఆక్యులరిస్ట్ అంటారు. గుంటలోకి మెత్తటి పేస్టు ఎక్కించి అచ్చు తీశాడు. తర్వాత చిన్నాన్నను కిటికీ పక్కన కూర్చోబెట్టి, కుడి కన్ను చూస్తూ నల్లగుడ్డు గీశాడు. తెల్లగుడ్డు మీద కనిపించే సన్నటి రక్తనాళాల కోసం ఎర్ర పట్టుదారంలోంచి ఒక్కో పోగు లాగి పట్టకారుతో అతికించాడు. తెలుపు మరీ తెల్లగా ఉంటే అబద్ధంలా కనిపిస్తుందని కాస్త పసుపు కలిపాడు. నేను ఫోన్ చూడ్డం మర్చిపోయా, మీరే అర్థం చేసుకోండి.

చూపు మాత్రం రాదండీ. "ఎవరైనా దానం చేసిన కన్ను పెట్టించొచ్చుగా" అని మా ఇంట్లోనూ అడిగారు. నేత్రదానంలో వాడేది ముఖ్యంగా కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పారదర్శక పొర, మొత్తం కన్ను కాదు. 2023లో న్యూయార్క్‌లో ఒకాయనకు పూర్తి కన్నే అమర్చారు, చూపైతే రాలేదు.

మన హైదరాబాద్‌లో బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్, మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రులు అందరికీ తెలిసినవే. ఎక్కడికెళ్లినా, ఎవరికైనా కన్ను తీసేయాలంటే సంతకం పెట్టేముందే "లోపల బంతి పెడతారా? ఇప్పుడా, తర్వాతా?" అని అడగండి. ఇన్‌ఫెక్షన్ ఉంటే తర్వాత పెడదామనొచ్చు, అదీ సబబే. పెంకును ఏడాదికోసారి పాలిష్ చేయించాలి.

చిన్నాన్న ఇప్పుడు అద్దాలు తీసే తిరుగుతున్నాడు. ఆయన ఫిర్యాదల్లా ఒక్కటే, పెదవి మానేదాకా చిన్నమ్మ ఆవకాయ ముట్టుకోనివ్వలేదని.