రూల్ 5 డ్రాఫ్ట్‌లో పిచ్చర్‌ని ఎలా చూడాలి

అందరికీ నమస్కారం.

ఫ్రిస్కోలో ఉంటున్న మనవాళ్లకి రైడర్స్ ఫీల్డ్ కొత్త కాదు. వేసవి సాయంత్రాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తూనే ఉంటాం. అక్కడ ఆడే రఫ్‌రైడర్స్, బేస్‌బాల్‌లో టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఏ జట్టు. అంటే మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద. ఆ స్థాయిలో మౌండ్ (పిచ్చర్ నిలబడి బంతి వేసే దిబ్బ) ఎక్కే కుర్రాళ్లలో కొందరి తలరాత ప్రతి డిసెంబరులో ఒక్క గంటలో మారిపోతుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ గంట గురించే, అంటే ఒక క్లబ్బు కుర్రాళ్లని వేరే క్లబ్బులు ఎంచుకునే రూల్ 5 డ్రాఫ్ట్ గురించి.

ముందు నిబంధన క్లుప్తంగా చెప్తాను. పద్దెనిమిదేళ్లకో అంతకు ముందో సంతకం చేసిన ఆటగాణ్ణి అయిదు సీజన్లలోపు, పందొమ్మిదేళ్లకో ఆ తర్వాతో చేసినవాణ్ణి నాలుగు సీజన్లలోపు క్లబ్బు తన 40 మంది జాబితాలో చేర్చుకోవాలి. నవంబరు గడువులోగా చేర్చకపోతే అతను రూల్ 5 డ్రాఫ్ట్‌లోకి వస్తాడు. ఏ క్లబ్బయినా లక్ష డాలర్లు కట్టి తీసుకోవచ్చు. మెలిక ఆ తర్వాత ఉంది. అలా తీసుకున్నవాణ్ణి మరుసటి సీజనంతా 26 మంది మేజర్ లీగ్ జట్టులోనే ఉంచాలి, మైనర్స్‌కి, అంటే కింది స్థాయి జట్లకి, పంపడానికి లేదు. ఉంచలేకపోతే ముందు మిగతా క్లబ్బులన్నిటికీ అవకాశం ఇవ్వాలి. వాళ్లూ వద్దంటే సగం డబ్బుకి పాత క్లబ్బుకే తిరిగి ఇవ్వజూపాలి.

ఐపీఎల్ వేలంలో కొన్న కుర్రాణ్ణి సీజనంతా బెంచీ మీద కూర్చోబెట్టినా జట్టుకి పెద్ద నష్టం లేదు. ఇక్కడ అలా కుదరదు. 162 ఆటల సీజనులో పిచ్చర్లకి ఉండేవి పదమూడు చోట్లు మాత్రమే, అందులో ఒకటి ఇతనికి పోతుంది. అందుకే ఇతను ఎప్పటికైనా గొప్పవాడవుతాడా అని అడిగితే సరిపోదు. వచ్చే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా బుల్‌పెన్‌లో (ఆట మధ్యలో వచ్చే పిచ్చర్ల గుంపులో) ఆ చోటు నిలబెట్టుకోగలడా అని అడగాలి. ఈ ప్రశ్న మరిచిపోయి చేసిన ఎంపికలే ఎక్కువగా దెబ్బతింటాయని నా నమ్మకం.

మరి ఏం చూడాలి? చాలామంది మొదట ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచ్చర్ వల్ల వచ్చిన పరుగుల సగటు, తక్కువైతే మేలు) చూస్తారు. నేను దాన్ని చివర చూడమంటాను. 1999లో జోహాన్ సంతానా ఆస్ట్రోస్ వాళ్ల కింది స్థాయి జట్టులో ఆడాడు. ఈఆర్‌ఏ నాలుగున్నర దాటింది. ఆ అంకె చూసినవాళ్లు పేజీ తిప్పేసి ఉంటారు. కానీ ఇరవై ఏళ్ల ఎడమచేతి కుర్రాడు దాదాపు ఇన్నింగ్స్‌కొక బ్యాటర్‌ని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేస్తున్నాడు, వాక్‌లు (నాలుగు బాల్‌లు పడి బ్యాటర్‌కి ఉచితంగా దొరికే బేస్) మాత్రం అందులో సగం కూడా లేవు. డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక మిన్నెసోటా ట్విన్స్‌ది. వాళ్లు జేర్డ్ క్యాంప్‌ని, ఆ వెంటనే ఫ్లోరిడా మార్లిన్స్ సంతానాని ఎంచుకుని, ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం ఇద్దర్నీ మార్చుకున్నారు. డ్రాఫ్ట్ రుసుము కూడా మార్లిన్సే భరించారు. అప్పట్లో అది యాభై వేల డాలర్లు.

2000లో సంతానా 86 ఇన్నింగ్స్ వేశాడు. ఈఆర్‌ఏ 6.49. స్ట్రైకౌట్లు 64, వాక్‌లు 54. ఏ లెక్కన చూసినా అది చేదు సంవత్సరం. ట్విన్స్ ఓర్చుకోగలిగారంటే కారణం, ఆ ఏడాది వాళ్లు డివిజన్‌లో ఆఖరున ఉన్నారు. గెలవాల్సిన ఒత్తిడిలో ఉన్న జట్టయితే మే నెలలోనే వదిలేసేది. 2002లో అతన్ని ఎడ్మంటన్‌లోని ట్రిపుల్-ఏ (మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద) జట్టుకి పంపితే, అక్కడి కోచ్ బాబీ క్వెయార్ ప్రతి బ్యాటర్‌కీ కనీసం ఒక్క ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) అయినా వేయాల్సిందే అన్నాడు. ఆ బంతి చేతికి లొంగాక అతన్ని ఆపినవాళ్లు తక్కువ. 2004లోనూ 2006లోనూ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా వచ్చింది. పిచ్చర్‌తో పాటు అతన్ని తీసుకునే జట్టు పరిస్థితినీ తూచాలని నేను అనేది ఇందుకే.

ఇప్పుడు లెక్కల సంగతి. ఎదుర్కొన్న ప్రతి వందమంది బ్యాటర్లలో ఎంతమందిని స్ట్రైకౌట్ చేశాడు, ఎంతమందిని వాక్ చేశాడు, ఆ రెంటి తేడా ఎంత? మేజర్ లీగ్‌లో ఈమధ్య సగటున స్ట్రైకౌట్లు ఇరవై రెండు, ఇరవై మూడు, వాక్‌లు ఎనిమిది చుట్టూ ఉంటున్నాయి. డబుల్-ఏలోనే వందకి పద్నాలుగు వాక్‌లు ఇచ్చేవాడు పైకెళ్తే ఆ సంఖ్య పెరుగుతుందనే అనుకోవాలి. కింది బ్యాటర్లు వెంటపడి కొట్టబోయే బంతుల్ని పైవాళ్లు వదిలేస్తారు కాబట్టి. మైదానం కూడా చూడాలి. రఫ్‌రైడర్స్ ఆడే టెక్సస్ లీగ్‌లోనే అమరిల్లో ఉంది, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన. అక్కడ గాల్లోకి లేచిన బంతి ఎక్కువ దూరం పోతుంది. అలాంటిచోట వచ్చిన హోమ్ రన్లన్నిటినీ పిచ్చర్ ఖాతాలో వేయడం అన్యాయం.

ఈ లెక్క ఒక్కటే చాలదు. 2017లో బ్రాడ్ కెల్లర్ అనే పిచ్చర్‌కి డబుల్-ఏలో ఈఆర్‌ఏ నాలుగున్నర పైనే, స్ట్రైకౌట్లూ గొప్పగా లేవు. కానీ అతని బంతిని బ్యాటర్లు నేలమీదకి కొడుతున్నారు. సిన్సినాటి రెడ్స్ ఎంచుకుని కాన్సస్ సిటీ రాయల్స్‌కి ఇచ్చేశారు. 2018లో బుల్‌పెన్‌లో మొదలుపెట్టి, మధ్యలో స్టార్టర్‌గా (ఆట మొదలుపెట్టే పిచ్చర్‌గా) మారి, 140 ఇన్నింగ్స్ వేసి 3.08తో ముగించాడు. వెనక మంచి ఇన్‌ఫీల్డర్లు ఉంటే నేలబంతి ఎంత విలువైనదో చూడండి.

ఇక కంటితో చూడాల్సినవి. ఈసారి రైడర్స్ ఫీల్డ్‌కి వెళ్తే ఒక ఇన్నింగ్స్ అయినా క్యాచర్ వెనక వైపు కూర్చోండి. పిచ్చర్ ఫాస్ట్‌బాల్ వేసేటప్పుడు చెయ్యి ఎంత వేగంగా తిరుగుతోందో చూసి, ఛేంజప్‌కి అదే వేగం ఉందో లేదో గమనించండి. చెయ్యి నెమ్మదించిందంటే బ్యాటర్‌కి ముందే కబురు అందినట్టే. డబుల్-ఏలో అది చెల్లిపోవచ్చు, పైన చెల్లదు. తర్వాత, మూడు బాల్‌లు ఒక స్ట్రైక్ మీద ఏం వేస్తున్నాడు? ఫాస్ట్‌బాల్ తప్ప మరొకటి వేసే ధైర్యం లేకపోతే బ్యాటర్లు దానికోసమే కాచుకుని ఉంటారు. కుడిచేతి పిచ్చరైతే ఎడమచేతి బ్యాటర్లతో ఎలా నెగ్గుకొస్తున్నాడో తప్పక చూడండి. 2020 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, ఆట మధ్యలో దిగిన రిలీవర్ కనీసం ముగ్గురిని ఎదుర్కోవాలి, లేదా ఇన్నింగ్స్ ముగిసేదాకా వేయాలి. ఒక్కరికోసం దించి వెంటనే దాచేసే వీలు పోయింది.

మన పక్క ఊరు ఫ్లవర్ మౌండ్‌లో హైస్కూల్ చదివిన రయన్ ప్రెస్లీ మైనర్స్‌లో స్టార్టర్‌గా మామూలుగానే ఉండేవాడు. 2012లో రెడ్ సాక్స్ అతన్ని బుల్‌పెన్‌కి మార్చారు. తక్కువ ఇన్నింగ్స్ వేస్తే ఉన్న బలమంతా అందులోనే పెట్టొచ్చు, వేగం పెరుగుతుంది, రెండు మంచి బంతులు చాలు. ఆ మార్పుని గమనించిన ట్విన్స్ డిసెంబరులో తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 2022 వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ ఆస్ట్రోస్ తరఫున తీసింది ప్రెస్లీయే. స్టార్టర్‌గా మధ్యస్థంగా ఉండి ఒక్క బంతి మాత్రం పదునుగా ఉన్నవాణ్ణి నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను.

అన్నిటికంటే నేను ఎక్కువసేపు ఆలోచించేది, సొంత క్లబ్బు ఇతన్ని ఎందుకు వదిలేసింది అని. జాబితాలో చోటు లేక వదిలితే ఒక లెక్క, నమ్మకం పోయి వదిలితే ఇంకో లెక్క. యాంకీస్ పిచ్చర్ గ్యారెట్ విట్‌లాక్‌కి 2019లో మోచేతికి టామీ జాన్ సర్జరీ అయింది. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే జరగలేదు. కోలుకున్నాక ఆటలో అతను ఎలా ఉన్నాడో ఎవరూ చూడలేదు. యాంకీస్ జాబితాలో చేర్చలేదు, బద్ధశత్రువు రెడ్ సాక్స్ తీసుకుంది. 2021లో 73 ఇన్నింగ్స్, 1.96 ఈఆర్‌ఏ, 81 స్ట్రైకౌట్లు, 17 వాక్‌లు. సర్జరీ పేరు వినగానే కొట్టేయకుండా, అది ఎప్పుడు జరిగింది, వచ్చే ఏప్రిల్‌కి ఎన్ని నెలలవుతుంది అని లెక్కేయాలి.

పిల్లల వయసు చూసి మురిసిపోయే ఎంపికలంటే నాకు దిగులు. 2018 డిసెంబరులో టొరంటో బ్లూ జేస్ ఎల్విస్ లూసియానోని తీసుకునేటప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. రూకీ స్థాయి (మైనర్స్‌లో అట్టడుగు మెట్టు) దాటి ఆడింది లేదు. 2019లో ముప్పై మూడు ఇన్నింగ్స్ వేశాడు, ఈఆర్‌ఏ 5.35, మధ్యలో మోచేతి నొప్పితో చాలాకాలం ఆటకి దూరమయ్యాడు. ఆ వయసు కుర్రాడికి వారం వారం మౌండ్ ఎక్కి, కొత్త బంతి నేర్చుకుని, తప్పులు చేసే చోటు కావాలి. బుల్‌పెన్ మూలన ఫోను మోగడం కోసం ఎదురుచూడటం కాదు. నిబంధన క్లబ్బుకి ఆ హక్కు ఇచ్చింది, నిజమే. కానీ కుర్రాడి ఏడాది ఖర్చవుతోందన్న ఎరుక కూడా ఎంపికలో ఉండాలి.

తాజా సంగతి ఒకటి. 2024 సీజనులో 121 ఆటలు ఓడిన షికాగో వైట్ సాక్స్, ఆ డిసెంబరులో మొట్టమొదటి ఎంపికగా మిల్వాకీ బ్రూయర్స్ నుంచి షేన్ స్మిత్‌ని తీసుకుంది. కాలేజీ నుంచి వచ్చేటప్పుడు మామూలు డ్రాఫ్ట్‌లో అతని పేరు ఎవరూ పిలవలేదు. 2025లో స్టార్టర్‌గా నిలబడి ఆల్-స్టార్ జట్టులోకి వెళ్లాడు.

నవంబరులో 40 మంది జాబితాలు ఖరారవుతాయి. ఆ మర్నాడు ఎవరి పేర్లు లేవో చూసి, అందులో ఈ వేసవి మీరు ఇక్కడ కళ్లారా చూసినవాళ్లెవరైనా ఉన్నారేమో వెతకండి. ఉంటే అతని వాక్‌ల లెక్కతో మొదలుపెట్టండి. ఇక మీ ప్రశ్నలు వింటాను.