బొగ్గు ఏరినామె, బొగ్గు పీల్చినామె

అధ్యక్షులకు, పౌర గ్రంథాలయం నిర్వాహకులకు, ఇంత ఉక్కలోనూ విశాఖ ద్వారకానగర్ దాకా వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నాకిచ్చిన అరగంటా దానికే సరిపోతుంది. క్షమించాలి.

‘నేరం, హాని, రాజ్యాధికారం’ మీద మాట్లాడమన్నారు. రెండు పేజీలు రాసుకొచ్చాను. 1939లో సదర్లాండ్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త ‘వైట్ కాలర్ నేరం’ అన్న మాట పుట్టించాడు. పదేళ్లకు దాని మీద పుస్తకం తెస్తే, అందులోంచి కంపెనీల పేర్లు తీసేయాల్సి వచ్చింది. పేర్లతో సహా అది బయటికొచ్చేసరికి 1983. అక్కడి నుంచి మొదలుపెడదామనుకున్నాను. కానీ పొద్దున పాత ఊళ్లో, అదే వన్‌టౌన్‌లో, మా ఇంటి కిటికీ తుడుస్తుంటే పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు ధూళికి గుడ్డ నల్లగా అయింది. దాంతో ఒకావిడ గుర్తొచ్చింది. ఆ పేజీలు పక్కన పెట్టేస్తున్నాను.

నేను జూనియర్ లాయర్‌గా ఉన్న రోజులు. గూడ్స్ యార్డులో వ్యాగన్ల కింద రాలిన బొగ్గు గంపలోకి ఏరుకుంటుంటే ఆమెను పట్టుకున్నారు. పంచనామాలో దాని విలువ పద్నాలుగు రూపాయలు. చట్టం మాత్రం పెద్దది, 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం. మొదటి తప్పుకే అయిదేళ్ల దాకా జైలు వేయొచ్చు. ప్రత్యేక కారణాలు చూపిస్తే తప్ప ఏడాదికన్నా తక్కువ వేయకూడదు.

“ఒప్పేసుకో అమ్మా, జరిమానాతో పోయేలా చూస్తాను” అన్నాను.

ఆమె నన్నే చూసి, “ఆల బొగ్గు రోజూ మా ఇంట్లోకి వొస్తంది కదా బాబూ, మా పిల్లలు దగ్గి దగ్గి సస్తన్నారు. మరి దానికేటి కేసు?” అంది.

“అది వేరే సంగతమ్మా” అన్నాను.

ఇన్నేళ్లుగా నన్ను తినేస్తున్నది ఆ మాటే. వన్‌టౌన్ వాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి చేతులెత్తండి. చూశారా! మీ ఇళ్లలో ఆరేసిన బట్టల సంగతి మీకు నేను చెప్పాలా? అదే బొగ్గు గంపలో ఉంటే నేరం, ఊపిరితిత్తుల్లో ఉంటే ‘సమస్య’. గాలి పాడుచేయడం నేరమేనని 1981 చట్టం అంది. 2023లో జన విశ్వాస్ చట్టం వచ్చి, అందులోని జైలు శిక్షలు చాలావరకు తీసేసి, పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానాలు పెట్టింది. ఎవరి విశ్వాసమో మీరే ఆలోచించండి.

పాత శిక్షాస్మృతిలో దొంగతనానికి మూడేళ్లు, నిర్లక్ష్యంతో మనిషిని చంపితే రెండేళ్లు. అంటే సైకిల్ కన్నా మనిషి చవక! ఇప్పుడు కొత్త భారతీయ న్యాయ సంహితలో రెండేళ్లను అయిదేళ్లు చేశారు, సంతోషం. కానీ భోపాల్ గ్యాస్ కేసులో 2010లో పడిన శిక్ష ఆ రెండేళ్లే. బెయిలు కూడా ఆ రోజే వచ్చింది.

మన వెంకటాపురం చూడండి. 2020 మే 7, తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. పన్నెండు మంది పోయారు. సైరన్ మోగలేదు. అరెస్టులు జరిగాయి, కాదనను. కానీ మొదటి గంట నుంచీ మనం వాడిన మాట ‘దుర్ఘటన’. గంప పట్టుకున్నామెను ఆ మాటతో ఎవరూ పిలవలేదు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. అయిపోతోందండీ, ఒక్క ముక్క.

మన్యంలో పోడు కొట్టుకోవడం తాతల నాటి బతుకు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత అదే నేరమైంది. అల్లూరి 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద పడేనాటికి ఆ కడుపుమంట ఎన్నేళ్లదో లెక్కేసుకోండి. 2006లో అటవీ హక్కుల చట్టం పీఠికలోనే, ఆదివాసులకు జరిగింది ‘చారిత్రక అన్యాయం’ అని రాశారు. కొండ అదే, కత్తి అదే. మధ్యలో కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల సంగతి ఆ పీఠికలో లేదు.

ఆమె సంగతి పూర్తి చేయలేదు కదూ. ఒప్పుకుంది. చెవి దుద్దులు తాకట్టు పెట్టి జరిమానా కట్టింది. బొగ్గు రైల్వే వాళ్లకు ఇచ్చేయమని ఆర్డరు. “గంప నాదే కదా బాబూ, అదిప్పించు” అంది. దానికి వేరే పిటిషన్ వేయాలమ్మా, వేస్తానన్నాను.

వేయలేదు.