డ్యూటీ చార్టులో రేవు గడి

శ్రోతలందరికీ నమస్కారం.

ఆసుపత్రి అనగానే మనకి ముందు డాక్టరుగారు గుర్తొస్తారు. తర్వాత సూది పొడిచిన నర్సమ్మ గుర్తొస్తుంది. ఆ నర్సమ్మ ఆ పూట ఆ వార్డులో ఉండేలా చూసిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తురాదు. ఆవిడే హెడ్ నర్స్. ఆవిడ దగ్గర ఒక కాగితం ఉంటుంది. దాన్ని డ్యూటీ చార్టు అంటాం. నర్సింగ్‌లో నాయకత్వం గురించి చెప్పమని నన్ను పిలిచారు. ముప్పై అయిదేళ్లు సర్కారు ఆసుపత్రుల్లో పనిచేశాక నాకు తెలిసిన నాయకత్వమంతా ఆ కాగితం మీదే ఉంది. అందుకని ఈ పది నిమిషాలూ ఆ కాగితం గురించే మాట్లాడతాను.

నేను పనిచేసిన ఆసుపత్రుల్లో మూడు షిఫ్టులు ఉండేవి. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు. రెండు నుంచి రాత్రి ఎనిమిది. ఎనిమిది నుంచి మళ్లీ తెల్లారి ఎనిమిది దాకా నైట్. అంటే నైట్ డ్యూటీ పన్నెండు గంటలు. ఎవరు ఏ పూట రావాలి, ఎవరికి ఆఫ్, ఎవరు సెలవులో ఉన్నారు, అన్నీ అందులో ఉంటాయి. చూడ్డానికి గళ్ల కాగితమే. కానీ ఎవరి పిల్లాడికి పరీక్షలున్నాయో, ఎవరి అత్తగారికి ఆపరేషన్ అయిందో, ఎవరికి నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదో, చదవడం వస్తే అవన్నీ ఆ గళ్లలోనే కనిపిస్తాయి.

నాకు ఆ చదువు నేర్పినావిడ గురించి చెప్తాను.

1985లో కోనసీమలో ఒక సర్కారు ఆసుపత్రిలో చేరాను. ఆసుపత్రి పేరు వదిలేద్దాం. మా హెడ్ నర్స్‌ని అందరం పెద్ద సిస్టర్ అనేవాళ్లం. పొట్టి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పదిహేను రోజులకోసారి, శనివారం మధ్యాహ్నం, పొడుగు కాగితం మీద స్కేలు పెట్టి గళ్లు గీసేవారు. ఒక చివర ఎరుపు, ఇంకో చివర నీలం ఉండే రంగు పెన్సిలు ఆవిడ జేబులో ఎప్పుడూ ఉండేది. నైట్లన్నీ ఎరుపు, మిగతావి నీలం.

ఆ చార్టులో అన్నిటికన్నా చివర ఒక సన్నటి గడి ఉండేది. దాని మీద 'రేవు' అని రాసి ఉండేది. చేరిన కొత్తలో అదేంటో నాకు అర్థం కాలేదు. కొందరి పేర్లకెదురుగా 'కో' అని, ఒకరికి 'న' అని, ఒకరికి 'లం' అని, మిగతావాళ్లకి అడ్డగీత. అడిగితే నవ్వి, 'వానలు పడనియ్యమ్మా, నీకే తెలుస్తుంది' అన్నారు.

'కో' అంటే కోటిపల్లి. అవతలి ఒడ్డున కోటిపల్లి దగ్గర పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి గోదావరి పాయ గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగి, బస్సు పట్టుకుని వచ్చే సిస్టర్లు ఇద్దరు. 'న' అంటే నరసాపురం. ఆఫ్ దొరికినప్పుడల్లా సఖినేటిపల్లి రేవులో ఇంకో పాయ వశిష్ఠని దాటి పుట్టింటికి పోయే అమ్మాయి. 'లం' అంటే లంకలో, గోదావరి మధ్య దీవిలో, ఇల్లున్న మనిషి. అడ్డగీత అంటే నాలాగా క్వార్టర్స్‌లోనో ఊళ్లోనో ఉండేవాళ్లు. అప్పటికి యానాం ఎదుర్లంక వంతెన లేదు, దిండి చించినాడ వంతెన లేదు. పంటు ఆగిందంటే మనిషి ఆగిపోయినట్టే.

మరుసటి ఏడు, 1986 ఆగస్టు. ఆ వరద చూసినవాళ్లు ఇప్పుడు ఈ మాటలు వింటూనే ఉండి ఉంటారు. గోదావరి ఎర్రనీళ్లు మనకి కొత్త కాదు. ఎర్రనీళ్లొస్తే పులస చేప వస్తుందని సంబరపడేవాళ్లం కదా. పెద్ద సిస్టర్ మాత్రం పులస కోసం చూసేవారు కాదు, రేడియో కోసం చూసేవారు. మందుల బీరువా మీద చిన్న ట్రాన్సిస్టర్ ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంతో వార్తల్లో చెప్తుంటే చెయ్యెత్తి మమ్మల్ని ఆపి వినేవారు. పదకొండు ముప్పావు అడుగులకి మొదటి హెచ్చరిక. పదమూడు ముప్పావుకి రెండోది. పదిహేడు ముప్పావుకి మూడోది. ఈ మూడంకెలూ మన ఒడ్డున చిన్నపిల్లల్ని లేపి అడిగినా చెప్తారు.

అందరూ మూడో హెచ్చరిక వచ్చాక కంగారు పడతారు. ఆవిడ మొదటి హెచ్చరికకే చార్టు తీశారు.

రేవు గడిలో గీత లేని నలుగురినీ ఒక్కొక్కరినే పిలిచారు. ఆర్డరు వెయ్యలేదు, అడిగారు. 'ఏమ్మా, ఇక్కడ ఉండిపోతావా, ఇంటికెళ్లిపోతావా? ఏదైనా ఇవాళే చెప్పు. రేపు నేను అడిగినా లాభం లేదు' అన్నారు. కోటిపల్లి సిస్టర్లలో ఒకావిడకి ఇంట్లో పాలు తాగే పిల్ల. ఆవిడకి సెలవు రాసి, సాయంత్రం పంటుకి పంపించేశారు. లంకలో ఇల్లున్నావిడ, ఇంట్లో వాళ్లని గట్టు మీదకి చేర్చుకోవాలంటే ఆవిడనీ పంపేశారు. మిగతా ఇద్దరూ ఉంటామన్నారు. వాళ్లకి నా గదిలోనే చాపలు పరిచాం. బియ్యం, కందిపప్పు, ఆవకాయ జాడీ పెద్ద సిస్టర్ ఇంటి నుంచే వచ్చాయి. తగ్గిన ఇద్దరి నైట్లలో సగం ఆవిడ తన పేరు మీద రాసుకున్నారు. ఎర్ర పెన్సిలుతో. ఆ వయసులో హెడ్ నర్స్ నైట్ చెయ్యడం అప్పట్లో వినలేదు.

తర్వాత రెండ్రోజులకి పంట్లు ఆగిపోయాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. కొన్నిచోట్ల గట్లు తెగాయి. ఊరంతా చీకటి. ఆ రాత్రి ఒకటిన్నరకో రెండుకో లంక నుంచి ఒకావిడని పడవలో తెచ్చారు, నొప్పులతో. పెట్రోమాక్స్ లైటు ఒక్కటే. లేబర్ రూములో నేనూ, ఆ నరసాపురం అమ్మాయీ. ఆ అమ్మాయి ఆఫ్ కోసం ముందే రేవు దాటేసి ఉంటే నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఏడాది సర్వీసు నాది. బిడ్డకి మెడలో పేగు చుట్టుకుని ఉంది. ఒకరు లైటు పట్టుకోవాలి, ఒకరు పేగు తప్పించాలి. రెండు చేతులు చాలవండీ, ఆ పనికి నాలుగు చేతులు కావాలి. నాలుగు చేతులు ఉన్నాయి. ఆడపిల్ల పుట్టింది. గోదావరి అని పేరు పెట్టారేమో అనుకుంటున్నారు కదా, లేదు. ఏదో సినిమా పేరు పెట్టారు, నాకిప్పుడు గుర్తులేదు.

నాలుగు చేతులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ సన్నటి గడిలోంచి వచ్చాయి.

అంకెలు రెండు చెప్పి ముందుకెళ్తాను, రేడియోలో అంకెలు ఎక్కువైతే స్టేషను మార్చేస్తారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు ఉండాలి. దాని మీద సెలవుల కోసం మరో 30 శాతం మంది. పదిమందికి వండేచోట ఇంకో ముగ్గురికి ఎసరు పెట్టినట్టు. చాలాచోట్ల ఆ అదనపు ఎసరే ఉండదు. ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరి ఆఫ్ ఎగిరిపోతుంది. అమెరికాలో ఆపరేషన్లయిన రోగుల మీద చేసిన పరిశోధన ఒకటి 2002లో అచ్చయింది. ఒక్కో నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, నెలలోపు రోగి చనిపోయే ప్రమాదం ఏడు శాతం పెరుగుతోందని తేలింది. పోస్టులు నింపడం హెడ్ నర్స్ చేతిలో లేదు, అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. ఉన్నవాళ్లు పారిపోకుండా చూసుకోవడం మాత్రం చాలావరకు ఆవిడ చేతిలోనే ఉంది. ఆ సంగతిలో నేనే ఒకసారి తప్పు చేశాను.

నేను హెడ్ నర్స్ అయ్యాక, పిల్లల తల్లులకి ఇబ్బంది అని, నైట్లన్నీ పెళ్లికాని అమ్మాయిలకి వేసేదాన్ని. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. నెలలో పదిహేను నైట్లు పడ్డాయి ఒకమ్మాయికి. ఒకరోజు చార్టు ముందు నిలబడి, గోడవైపు చూస్తూనే అడిగింది, 'పెళ్లి కాకపోతే నిద్ర అక్కర్లేదా మేడమ్?' అని. నాకు నోట మాట రాలేదు. తర్వాతి నెల చార్టు మార్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆరు నెలల్లో ఆ పిల్ల పాస్‌పోర్టు తెచ్చుకుని కువైట్ వెళ్లిపోయింది. జీతం కోసం వెళ్లిందని అందరూ అన్నారు. జీతం కోసం కూడా వెళ్లింది.

రిటైరయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొన్నాళ్లు సలహాదారుగా వెళ్లాను. అక్కడ రేపటి డ్యూటీ ఇవాళ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వచ్చేది. అన్నం తింటూ ఫోను చూసుకుంటూ టెన్షన్ పడేవాళ్లు పాపం. పదిహేను రోజుల ముందు గోడకి అంటించండి, మార్చాల్సి వస్తే ఇద్దరినీ అడిగి ఇద్దరిచేతా సంతకం పెట్టించండి అని చెప్పాను. 'చూద్దాం మేడమ్' అన్నారు. నేను ఉన్నన్నాళ్లూ చూస్తూనే ఉన్నారు.

ఈ ప్రసంగం వింటున్న హెడ్ నర్సులు ఎవరైనా ఉంటే, మిగతావన్నీ మర్చిపోయినా ఫరవాలేదు, ఒక్క పని చెయ్యండి. మీ చార్టు చివర ఒక గడి ఎక్కువ గీయండి. అది ఏ గడి అనేది మీ ఊరే చెప్తుంది. ఇక నర్సులు కానివాళ్లకి చిన్న మనవి. పొద్దున ఎనిమిదికీ, రెండింటికీ, రాత్రి ఎనిమిదికీ సిస్టర్లు ఒకరికొకరు వార్డు అప్పజెప్పుకుంటారు. ఆ కాసేపూ, ప్రాణం మీదకి వస్తే తప్ప, వాళ్ల మాటకి అడ్డం వెళ్లకండి. మీ మనిషి మందుల లెక్కే అక్కడ నడుస్తూ ఉంటుంది.

2022 జూలైలో మళ్లీ పెద్ద వరద వచ్చింది కదా, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మొదటి హెచ్చరిక వచ్చిన రోజున నా దగ్గర పనిచేసిన ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తనే హెడ్ నర్స్.

'మేడమ్, చార్టు తీశాను' అంది.

'రేవు గడి ఉంచావా?' అన్నాను.

'ఆయ్, ఉంచానండి. ఇప్పుడు అందరూ స్కూటీల మీదే వస్తున్నారు కదా, అందుకని ఆ గడిలో ఎదురుబిడెం కాజ్‌వే, కనకాయలంక కాజ్‌వే అని వరదకి మునిగే దారుల పేర్లు రాసుకున్నాను. ఇంకో గడి కూడా కలిపాను మేడమ్. ఇంట్లో ఎవరిని చూసుకోవాలి అని. పసిపిల్లలు, మంచాన పడ్డ పెద్దవాళ్లు, అలాగ.'

'మరి పెళ్లికాని పిల్లలకి అక్కడ ఏం రాశావు?' అని అడిగాను. కాస్త భయపడుతూనే అడిగాను.

'నేను రాయలేదు మేడమ్, వాళ్లనే అడిగి రాశాను. ఒకమ్మాయి నాన్నగారికి డయాలసిస్ అట. ఇంకో పిల్ల మాత్రం, నిద్ర అని రాయమంది. రాసేశాను.'

నమస్కారం.