క్యూ దేనికోసం?

(మూసీ వరద సంస్మరణ దినాన, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కింద చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, నేను మళ్ళీ చదవను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు 150 మంది దాకా ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ కథ మీ అందరికీ తెలుసు. నన్ను మాట్లాడమన్నది వరద బాధితుల పాత ఫొటోల గురించి. మన ఊరి ఫొటోల దగ్గరికి వస్తాను, ముందు ఒక అమెరికా ఫొటో పంచాయితీ తేల్చాలి.

మీ ఫోన్లకు అది ఎన్నోసార్లు వచ్చే ఉంటుంది. పైన పెద్ద హోర్డింగు. కారులో తెల్లవాళ్ల కుటుంబం, అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు, ఓ కుక్క. అందరి ముఖాల్లోనూ నవ్వే. 'ప్రపంచంలోకెల్లా ఉన్నతమైన జీవన ప్రమాణం' అని బారెడు అక్షరాలు. సరిగ్గా దాని కింద నల్లజాతి వాళ్లు వరసలో నిలబడి ఉంటారు, చేతుల్లో సంచులు, బుట్టలు. దాన్ని పంపినవాళ్లు 'ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగుల క్యూ' అని రాస్తారు. కాదండీ! వాళ్లు వరద బాధితులు.

1937 జనవరిలో ఒహాయో నది పొంగి లూయివిల్ నగరం సగానికి పైగా మునిగింది. నది పొడవునా దాదాపు పది లక్షల మంది ఇళ్లు వదిలారు. లైఫ్ పత్రిక కోసం మార్గరెట్ బర్క్-వైట్ ఆ ఫొటో తీశారు, ఫిబ్రవరి 15 సంచికలో వచ్చింది. హోర్డింగు పెట్టించింది అమెరికా పరిశ్రమల యజమానుల సంఘం. నది పేరూ నెల పేరూ ఊడిపోయాయి, బొమ్మ మాత్రం మిగిలింది.

'మాంద్యం ఉన్న మాట నిజమే కదా, తేడా ఏముంది?' అంటారు. ఉందండీ. పని పోయినవాడికి కావలసింది పని. కొంప మునిగినవాడికి ఈ పూట తిండి, పొడి దుప్పటి, నీళ్లు తీశాక మళ్ళీ గోడ. ఆ ఏడాది ఈ రెండు దెబ్బలూ ఒక్క మనిషికే తగిలి ఉండొచ్చు. అలాగైతే రెండూ రాయాలి, ఒకటి చెరిపి ఇంకోటి కాదు.

అదే ఫిబ్రవరిలో ఆర్కన్సా రాష్ట్రంలోని ఫారెస్ట్ సిటీ వరద బాధితుల శిబిరంలో వాకర్ ఎవాన్స్ ప్రభుత్వం తరఫున ఫొటోలు తీశారు. భోజనాల వరస ఫొటో ఒకటుంది. ముఖాలు లేవు. కోట్లు, చేతులు, చేతుల్లో పళ్లేలు, అంతే. అయినా దాన్ని ఎవరూ తప్పుగా చదవలేరు. ఏ ఊరు, ఏ నెల, ఏ శిబిరం, వరస దేనికి, అన్నీ ఫొటోతో రాసిపెట్టిన వివరంలో ఉన్నాయి. నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ శిబిరాలు వేరువేరని మనకు తెలిసేదీ అలాంటి వివరాల వల్లే. ఆ ఫొటోల విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగటివ్‌లకు పంచింగ్ మిషన్‌తో చిల్లు పెట్టించేవాడు. అది దుర్మార్గమే. కానీ చిల్లు కంటికి కనబడుతుంది. కత్తిరించిన వివరం కనబడదు, అందుకే నాకు కత్తెర మీదే ఎక్కువ కోపం.

తమ్ముడూ, ఆ మైకు కాస్త దగ్గరికి జరుపు.

ఇక మన ఇళ్లు. 2020 అక్టోబరు వానల్లో ఎన్ని ఆల్బములు నానిపోయాయో మీకే తెలుసు. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే గుంజకండి. ఫొటో మీది పొర జెలటిన్, తడిస్తే మెత్తబడుతుంది. అంటుకుని ఆరిందంటే విడదీసేటప్పుడు బొమ్మే ఊడొస్తుంది. చల్లటి మంచినీళ్ల ట్రేలో వేసి వాటంతటవి విడేదాకా ఆగండి. బొమ్మ పైకి ఉండేలా అద్దుడు కాగితం మీద నీడన ఆరబెట్టండి. ఎండ వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. 48 గంటల్లో చేయలేమనుకుంటే మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్లో దాచండి. పాతకాలపు గాజు ప్లేట్లను, అంటే గాజు మీది నెగటివ్‌లను మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు. వాటిని అంచులు పట్టుకునే ఎత్తాలి, పొడుగు అంచు మీద నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చారా, అడుగువి పగులుతాయి.

రాయడం దగ్గరే అందరూ చెడగొడతారు. బాల్‌పెన్ను వద్దు. గట్టిగా నొక్కితే గీత ముందువైపుకు ఉబుకుతుంది, ఇంకు ఊరుతుంది. ఫొటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో, కింద గట్టి బల్ల పెట్టుకుని రాయండి. ఈ కాలపు నున్నటి ప్రింట్ల మీద పెన్సిల్ పడదు, వాటికి కవరు మీదే రాయాలి. ఏ వీధి, ఏ దిక్కు నుంచి తీసింది, ఏ తేదీ, ఎవరిచ్చారు, జనం దేనికి గుమిగూడారు. తేదీ తెలియకపోతే 'తెలియదు' అనే రాయండి, ఊహించి రాయకండి. మూసీ వరదవని మీకు వచ్చే ఫొటోల్లో వంతెన పేరు, గట్టు పేరు ఉన్నవి ఎన్ని? ఇవాళ రాత్రి ఫోన్ తెరిచి లెక్కపెట్టుకోండి.

అమ్మా, మీరు సంచిలో తెచ్చిన ఫొటోలు ముందు అటు ఇవ్వండి. ఆ బల్ల మీద 2బి పెన్సిళ్లు, కాగితం కవర్లు ఉన్నాయి. కవరు మీద ముందు రాసి, ఆ తర్వాతే ఫొటో లోపల పెట్టండి.