సెంట్ల లెక్క సరే, మెరక మాటేమిటి?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: అధికార కూటమి ప్రతినిధి, ప్రతిపక్ష వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతినిధి, రొయ్యల షెడ్ల మహిళా కార్మికుల నాయకురాలు, భవన నిర్మాణ కార్మిక సంఘం నాయకుడు, గృహ నిర్మాణ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజినీరు.)

సమన్వయకర్త: నమస్కారం. శాసనసభలో పేదల ఇళ్ల మీద ఒకరోజు, కార్మిక చట్టాల మీద ఇంకొకరోజు చర్చ జరుగుతుంది. గోదావరి డెల్టాలో మాత్రం ఈ రెండూ ఒకే కుటుంబం మీద, ఒకేసారి పడుతున్నాయి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్డుకు వెళ్లే మహిళే కాలనీలో పట్టాదారు. ఆమె భర్త తాపీ పనివాడైతే, ఆయన కట్టేది మరో పట్టాదారు ఇల్లు. అందుకే ఈ రోజు ఇద్దరు రాజకీయ ప్రతినిధులతో పాటు, ఆ పనుల్లో ఉన్నవారిని కూడా పిలిచాం. మొదట ప్రతిపక్ష ప్రతినిధి గారు. మీ హయాంలో ఇచ్చిన స్థలాల్లో చాలాచోట్ల ఇళ్లు పూర్తి కాలేదు. ఎందుకు?

ప్రతిపక్ష ప్రతినిధి: ఎందుకు పూర్తి కాలేదో చెప్పేముందు ఏం జరిగిందో చెప్పాలండి. 2020 డిసెంబరు 25న మన కాకినాడ పక్కనున్న కొమరగిరిలోనే పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రవ్యాప్తంగా 30 లక్షలకు పైగా కుటుంబాలకు, అదీ మహిళల పేరిట, గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చాం. ఇంటికి 1.80 లక్షలు, దాని మీద పావలా వడ్డీకి 35 వేల రుణం, 20 టన్నుల ఇసుక ఉచితంగా ఇచ్చాం. డెల్టాలో ప్రభుత్వ భూమి దాదాపు లేదు, ఉన్నదంతా రెండు పంటల మాగాణి. అందువల్ల కొని ఇవ్వాల్సి వచ్చింది. కొనబోతే కోర్టు కేసులు వేశారు, ఆ కేసులతో కొన్ని నెలలు పోయాయి, దానికి తోడు కరోనా.

సమన్వయకర్త: అధికార కూటమి ప్రతినిధి గారు, కేసులు వేసింది మీవాళ్లేనని ఆయన ఆరోపణ.

అధికార కూటమి ప్రతినిధి: కోర్టుకు ఎవరు వెళ్లారన్నది కాదు, ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్నది చూడాలి. కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములను ఇళ్ల స్థలాలకు కొన్నారు. వానాకాలంలో నీరు నిలిచే భూమిని ఆవ అంటారని ఆ పక్కన పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఆ కొనుగోలులో అక్రమాలు జరిగాయని అప్పుడే ఆరోపించాం, హైకోర్టు స్టే ఇచ్చింది. కాకినాడలో మడ అడవుల భూమిని చదును చేయబోయారు. మేము వచ్చాక గ్రామాల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామన్న మాటకు కట్టుబడి 2025 జనవరిలోనే ఉత్తర్వులు ఇచ్చాం. సగంలో ఆగిన ఇళ్లకు ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించాం. మిగిలిపోయిన ఇళ్లను పూర్తి చేయించడమే మా ముందున్న పని.

సమన్వయకర్త: సెంటున్నర, మూడు సెంట్లు అన్న మాట ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం. ఇంజినీరు గారు, డెల్టాలో ఒక సెంటు పెరిగితే పేదవాడికి ఎంత మేలు?

ఇంజినీరు: స్థలం పెరగడం మంచిదే, అందులో రెండో మాట లేదు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. ఒక గది, వంటిల్లు, మరుగుదొడ్డి కట్టాక మంచం వాల్చుకునే అరుగుకు చోటుండదు. మూడు సెంట్లంటే 145 గజాలు, అప్పుడు పెరటిలో ఒక గేదెనైనా కట్టుకోవచ్చు. అయితే నేను ముప్పై ఏళ్లకు పైగా ఈ ప్రాంతంలో పునాదులు చూసినవాణ్ణి కాబట్టి ఒక లెక్క చెబుతాను. పల్లపు మాగాణిలో ఇల్లు కట్టాలంటే ముందు మెరక చేయాలి. సెంటున్నర స్థలాన్ని ఒక మీటరు ఎత్తు లేపడానికి దాదాపు 60 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. ట్రాక్టరుకు మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా ఇరవై ట్రాక్టర్లు. తొక్కుడు పడ్డాక మట్టి కుంగుతుంది కాబట్టి ఇంకో నాలుగైదు ట్రాక్టర్లు తోలాలి. అదే పల్లంలో మూడు సెంట్లు ఇస్తే నలభై ట్రాక్టర్లు దాటుతాయి. ఆ మట్టి డబ్బు ఎవరు పెట్టాలి? ఇంటికిచ్చే మొత్తం అనంతపురం గట్టినేలలో కట్టేవాడికీ, ఏడాదిలో ఆరు నెలలు రెండడుగుల లోతులో నీరు పడే మన నల్లమట్టిలో కట్టేవాడికీ ఒకటే. ఆ నేలలో మామూలు పునాది వేస్తే రెండో వానాకాలానికి గోడ నెర్రె ఇస్తుంది. చాలా కాలనీల్లో బేస్మట్టం దగ్గరే ఇళ్లు ఆగిపోయాయంటే లబ్ధిదారు సోమరితనం కాదు, ఇచ్చిన డబ్బు భూమిలోకే వెళ్లిపోయింది.

సమన్వయకర్త: ప్రభుత్వం కాలనీలకు మెరక చేయించలేదా?

ఇంజినీరు: కొన్నిచోట్ల చేయించింది. కానీ లేఅవుటు మెరక వేరు, ఇంటి మెరక వేరు. రోడ్డు మట్టానికి తోలి వదిలేస్తే, తర్వాత రోడ్డు మీద సిమెంటు వేసిన ప్రతిసారీ ఇళ్లు పల్లంలోకి పోతాయి. ఇంకొకటి, మురుగు నీరు ఎటు పోవాలో ముందే చూడాలి. యనమదుర్రు డ్రైను గానీ, కోనసీమలో కౌశిక గానీ వానాకాలం నిండుగా పారుతున్నప్పుడు కాలనీ నీరు అందులోకి దిగదు, డ్రైను నీరే కాలనీలోకి ఎగదన్నుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారినప్పుడు లంకల సంగతి అందరూ చూశారు. డ్రైన్ల పక్కనున్న కాలనీలకు అంత వరద అక్కర్లేదు, మూడు రోజుల ముసురు చాలు.

సమన్వయకర్త: ఇంతవరకు నేల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఆ నేల మీద ఉండాల్సినవారి పని గురించి అడుగుతాను. అమ్మా, మీ షెడ్లలో పనిచేసే మహిళల్లో కాలనీల్లో స్థలం వచ్చినవారు ఉన్నారు కదా. వారు అక్కడ ఉంటున్నారా?

మహిళా కార్మిక నాయకురాలు: కొందరే ఉంటున్నారండి. పట్టా ఉండి కూడా కాలువ గట్టు మీద పాత పాకలోనే ఉంటున్నవారు మాకు తెలిసి చాలామంది ఉన్నారు. ఎందుకో చెబుతాను. రొయ్య చెరువులో పట్టింది పట్టినట్టు షెడ్డుకు వస్తుంది. ఐసు కరగకముందే తల తీసి, పొట్టు వలిచి, నరం లాగాలి. లోడు ఎప్పుడొస్తే అప్పుడే పని. తెల్లవారుజామున మూడు గంటలకు మేస్త్రి ఫోన్ చేస్తే అరగంటలో వ్యాను ఎక్కాలి. వ్యాను కాలువ గట్టు వెంట వస్తుంది, నాలుగు కిలోమీటర్ల లోపలున్న కాలనీకి రాదు. చీకట్లో ఆడమనిషి చెరువు గట్ల మీద ఎలా నడిచి వస్తుందండి? రెండుసార్లు రాకపోతే మూడోసారి మేస్త్రి ఫోనే చేయడు. కూలి కిలో లెక్కన. ఐసులో నానిన వేళ్ల మధ్య చర్మం ఊడి, గ్లౌజు తొడిగితే మంట పుడుతుంది, తొడగకపోతే రొయ్య కొమ్ము గుచ్చుకుంటుంది. గ్లౌజుతో కిలోలు తగ్గుతాయని చాలామంది తీసేస్తారు. ఇప్పుడు రోజుకు పది గంటలంటున్నారు. ఆ పది గంటలకు ముందు, వెనక దారిలో గడిచే గంటలను ఎవరు లెక్కపెడతారు?

సమన్వయకర్త: ఇదే ఈ చర్చకు మూలమని నాకు అనిపిస్తుంది. స్థలం ఎంపిక చేసినప్పుడు పని ఎక్కడుందో చూడరు, పని గంటలు పెంచినప్పుడు ఇల్లు ఎక్కడుందో చూడరు. అధికార కూటమి ప్రతినిధి గారు, ఫ్యాక్టరీల చట్టానికి 2025లో మీ ప్రభుత్వం తెచ్చిన సవరణ గురించి చెప్పండి.

అధికార కూటమి ప్రతినిధి: దాన్ని వక్రీకరిస్తున్నారండి. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది. రోజువారీ గరిష్ఠం తొమ్మిది నుంచి పది గంటలైంది, అంతే. నాలుగు రోజులు పది గంటలు, ఐదో రోజు ఎనిమిది గంటలు చేసి రెండు రోజులు సెలవు తీసుకునే వీలు కలుగుతుంది. రాత్రి షిఫ్టులకు మహిళల సమ్మతి, రవాణా, భద్రత తప్పనిసరి చేశాం. పెట్టుబడులు రావాలంటే పక్క రాష్ట్రాలతో పోటీ పడాలి కదా.

మహిళా కార్మిక నాయకురాలు: సమ్మతి అన్నారు. మా దగ్గర సమ్మతి అంటే ఫోన్ ఎత్తడమేనండి. ఎత్తకపోతే రేపు పని లేదు. అదే సవరణలో ఐదు గంటలకు ఇవ్వాల్సిన విరామాన్ని ఆరు గంటలకు జరిపారు. ఓవర్‌టైమును మూడు నెలలకు 75 గంటల నుంచి 144 గంటలకు పెంచారు. ఐసు మీద ఆరు గంటలు నిలబడి చూడండి, ఆ ఒక్క గంట అంటే ఏమిటో తెలుస్తుంది. రెండు రోజుల సెలవు సంగతంటారా, కిలో లెక్కన బతికేవాళ్లకు సెలవంటే పస్తు.

ప్రతిపక్ష ప్రతినిధి: ఈ సవరణను మేము వ్యతిరేకిస్తున్నాం. కార్మికుల పక్షాన...

సమన్వయకర్త: ఒక్క నిమిషం. పాత కార్మిక చట్టాలను కలిపి తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లలో మూడింటిని కేంద్రం 2020లో పార్లమెంటులో ఆమోదింపజేసినప్పుడు రాష్ట్రంలో మీరే అధికారంలో ఉన్నారు. అవి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. ఈ ఐదేళ్లలో మీ పార్టీ డెల్టాలోని రొయ్యల కార్మికుల కోసం ఏ సవరణ అడిగింది?

ప్రతిపక్ష ప్రతినిధి: ఆ రోజు దేశమంతా కరోనాలో ఉంది. కోడ్‌లపై ఇంకా లోతుగా చర్చించాల్సింది, అది ఒప్పుకుంటాను.

భవన నిర్మాణ కార్మిక నాయకుడు: కోడ్‌ల మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు చెప్పాలి. వృత్తి భద్రత కోడ్‌లో రోజుకు ఎనిమిది గంటలే అని రాసి ఉంది, ఆ మాట పట్టుకోవాలి. కానీ కరెంటు వాడే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అనేదాన్ని ఇరవై మందికి మార్చారు. ఊళ్లలో రొయ్య పొట్టు వలిచే చిన్న పీలింగ్ షెడ్లలో రోజుకు పదిహేను, పద్దెనిమిది మంది పనిచేస్తారు. వారు ఇక ఫ్యాక్టరీ కార్మికులే కారు. 2017 మార్చి 30న మొగల్తూరు మండలంలో రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు చనిపోయారు. అంత పెద్ద ప్లాంటులోనే తనిఖీ అలా ఉంటే, లెక్కలోకే రాని షెడ్డుకు ఎవరు వెళ్లి చూస్తారు?

సమన్వయకర్త: మీ తాపీ కార్మికుల సంగతేమిటి?

భవన నిర్మాణ కార్మిక నాయకుడు: మాది ఇంకో రకమైన అన్యాయం. భవన నిర్మాణ కార్మికుల కోసం తెచ్చిన 1996 చట్టం ప్రకారం కట్టడం విలువలో ఒక శాతం సెస్సు వసూలు చేసి మా సంక్షేమ బోర్డుకు ఇవ్వాలి. ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపితే బోర్డులో నమోదవుతాం. పది లక్షల లోపు సొంత ఇంటికి సెస్సు లేదన్నారు, పేదవాడి ఇంటికి మినహాయింపు న్యాయమే, మేము కాదనలేదు. కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఆ పరిమితిని 50 లక్షలు చేశారు. భీమవరంలో, అమలాపురంలో 50 లక్షల లోపు మేడ కట్టేవారు పేదలా? ఆ మేడల మీద రావాల్సిన సెస్సు పోయింది. దాళ్వా తడులు ముగిసి తాపీ పని ఊపందుకునేది వేసవిలోనే. వానాకాలంలో వరదొస్తే ఇసుక ర్యాంపులు మూతపడతాయి. 2019లో వరదకు, విధానం మార్పుకు మధ్య ఇసుక దొరక్క నెలల తరబడి పనుల్లేక కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 3న పవన్ కల్యాణ్ గారు విశాఖలో లాంగ్ మార్చ్ చేసింది మా కోసమే. ఇప్పుడు ఆయన ఉప ముఖ్యమంత్రి, మన పిఠాపురం ఎమ్మెల్యే. 2024 జులైలో ఉచిత ఇసుక తెచ్చారు, మేలే. కానీ లోడింగ్, రవాణా కలుపుకొని ర్యాంపు నుంచి కాలనీకి వచ్చేసరికి ఉచితం అన్న మాటకు అర్థం మిగలడం లేదు.

సమన్వయకర్త: కాలువ గట్ల మీద ఉన్నవారి సంగతి తేల్చకుండా ఈ చర్చ ముగించలేం. ప్రభుత్వ భూముల్లో కట్టుకున్న ఇళ్ల క్రమబద్ధీకరణకు 2025 జనవరిలో వచ్చిన ఉత్తర్వులు 150 గజాల వరకు ఉచితమన్నాయి. గట్టు మీది వారికి అది వర్తిస్తుందా?

ఇంజినీరు: వర్తించదు. కాలువ గట్టు, డ్రైను పోరంబోకు అభ్యంతరకరమైన భూములు. వర్తించకూడదు కూడా, కాటన్ దొర కాలం నుంచి ఆ గట్లే డెల్టాను కాపాడుతున్నాయి. కానీ ఆ ఇళ్లకు కరెంటు మీటరుంది, ఇంటి పన్ను రసీదుంది, ఓటుంది. అన్నీ ఇచ్చిన ప్రభుత్వమే పూడిక తీత మొదలుపెట్టే ముందు నోటీసు అంటిస్తుంది.

మహిళా కార్మిక నాయకురాలు: ఎన్నికలప్పుడు రెండు పార్టీల వారూ ఆ గట్టు మీదే కుర్చీలు వేసుకుని పట్టాలిప్పిస్తామంటారండి. గెలిచాక జాబితా ఊరి నాయకుడి ఇంట్లో తయారవుతుంది. అప్పుడు వాళ్ల మనుషులు, ఇప్పుడు వీళ్ల మనుషులు. గ్రామసభలో పేర్లు చదివి వినిపించమంటే సంతకాల పుస్తకం మాత్రం చూపిస్తారు.

అధికార కూటమి ప్రతినిధి: ఎక్కడైనా అలా జరిగితే నా దృష్టికి తీసుకురండి, తప్పకుండా చూస్తాను.

సమన్వయకర్త: ఒక్కొక్క ఊరి సంగతి కాదండి, పద్ధతి గురించి అడుగుతున్నాను. కొత్తగా మూడు సెంట్ల కోసం కొనే ప్రతి భూమికీ మట్టం ఎంత, పక్క డ్రైను మట్టం ఎంత, అక్కడి వారు పనికి వెళ్లే చోటు ఎంత దూరం అన్నవి కొనకముందే గ్రామసభలో చదవాలని ఇక్కడ ఇంజినీరు గారు, కార్మిక సంఘాల వారు అడుగుతున్నారు. ఒప్పుకుంటారా?

అధికార కూటమి ప్రతినిధి: మట్టాల విషయం సాంకేతికమైనది, అధికారులతో మాట్లాడి చేయించవచ్చు. దూరం విషయంలో మాట ఇవ్వలేను. దగ్గరలో భూమి ఎకరం ధర ఎంతుందో మీకు తెలుసు.

ప్రతిపక్ష ప్రతినిధి: మేము ఆనాడు చెప్పిందీ అదే కదండీ.

ఇంజినీరు: దగ్గరలో మూడు సెంట్లకు డబ్బు చాలకపోతే రెండు సెంట్లే ఇవ్వండి, మెరక చేసి ఇవ్వండి. భూమి చూడటానికి మాత్రం ఏప్రిల్లో కాక ఆగస్టులో వెళ్లండి. వేసవిలో డెల్టాలో ప్రతి చేనూ మెరకలాగే కనిపిస్తుంది.

మహిళా కార్మిక నాయకురాలు: ఆగస్టులో వెళ్లేటప్పుడు మమ్మల్ని కూడా పిలవండి. తెల్లవారుజామున మూడు గంటలకు, వ్యాను ఆగే చోటు నుంచి నడిచి వెళదాం.

సమన్వయకర్త: ఇద్దరు ప్రతినిధులూ వస్తామంటే మా కెమెరా కూడా వస్తుంది. పాల్గొన్న అందరికీ ధన్యవాదాలు.