ఒకటిన్నర చుట్టు

ప్రిన్సిపాల్ గారికి, ఆటోమొబైల్ విభాగం మాస్టార్లకి, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఉక్కపోతలో దాన్ని మడిచి పక్కన పెడితే మర్యాద తెలీదనుకోకండి. వేదిక మీద ఎవరెవరికి ఏ వరసలో నమస్కారం చెప్పాలో మా అబ్బాయి కాగితం మీద రాసిచ్చాడు. అది నా మెకానిక్ షెడ్డులోనే ఉండిపోయింది. అందరికీ కలిపి ఒకటే అనుకోండి.

నాకిచ్చిన విషయం 'సస్పెన్షన్‌లో కొత్త పోకడలు'. సస్పెన్షన్ అంటే బండిని మోసే స్ప్రింగులూ షాకబ్జర్లూ. అది మీ మాస్టార్లు నాకంటే బాగా చెప్తారు. నేను ఇవాళ ఒక్క సంగతే మాట్లాడతాను. కారుని కిందికి దించడం. పోయిన నెలలో నా షెడ్డుకొచ్చి ముగ్గురు కుర్రాళ్లు అదే అడిగారు. అందులో ఒకడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పను. తల దించుకోకు నాయనా, నువ్వు దించమన్నది బండిని కదా.

ముందు ఇది చూడండి. సంచీలోంచి తీస్తున్నది స్ప్రింగు ముక్క. ఒకటిన్నర చుట్టు. ఒక కొస కంపెనీ చేసినట్టే ఉంది, రెండో కొస గ్రైండరుతో కోసింది. ముందు వరసలోంచి ఒకరి తర్వాత ఒకరు చేతిలోకి తీసుకుని వెనక్కి పంపండి. ఎక్కడిదో తర్వాత చెప్తాను.

కుర్రాడు షెడ్డుకి రాగానే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు పెట్టి చూపిస్తాడు. "అన్నా, ఈ సందు పోవాలి" అంటాడు. ఎందుకురా అంటే రెండు మాటలు చెప్తాడు. చూడ్డానికి బాగుంటుంది, మలుపులో బండి నిలబడుతుంది. మొదటిది నేను కాదనను. కిందికి కూర్చున్న బండి అందంగానే ఉంటుంది, నా కళ్లకీ ఉంటుంది. రెండోదానికి లెక్క వేద్దాం. బండి గురుత్వ కేంద్రం నేల నుంచి 550 మిల్లీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 30 మిల్లీమీటర్లు దించారు. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రానికి మారే బరువు తగ్గేది సుమారు 5 శాతం. అంతే! రేసు ట్రాక్ మీద ఆ 5 శాతానికి విలువ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద గోతులుండవు, అడ్డంగా గేదెలు రావు. బెంజి సర్కిల్ దగ్గర దానితో ఏం చేస్తారు?

పైగా ఆ 5 శాతం కూడా చేతికి రాకపోవచ్చు. ముందు చక్రాలకి మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకబ్జరూ ఒకే స్తంభంలా, ఉన్న బండి కింద పడుకుని చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ చూడండి. జాకీ మీద లేపి కాదు, చక్రాలు నేల మీద ఉన్నప్పుడు చూడాలి. ఆర్మ్ చక్రం వైపుకి కాస్త కిందికి వాలి ఉంటుంది. బండి దించితే అది అడ్డంగా అయిపోతుంది, ఇంకా దించితే చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు రోల్ సెంటర్, అంటే మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, బండి కంటే వేగంగా కిందికి పోతుంది. బండి ఒరిగే గుణం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. బోర్డు మీద బొమ్మ గీయమని మీ మాస్టారిని అడగండి, నా బొమ్మలు నాకే అర్థం కావు.

ఆ ముక్క ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసా? సరే.

ఇప్పుడు అసలు లెక్క. చక్రం మామూలుగా ఉన్న చోటి నుంచి పైకి లేచి బంప్ స్టాపర్‌కి, అంటే చివర్లో ఆపే రబ్బరు దిమ్మకి, తగలడానికి 80 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మీరు 40 దించారు. మిగిలింది 40. గోతిలో పడ్డప్పుడు వచ్చే దెబ్బ మాత్రం మునుపటిదే. స్ప్రింగు మింగే శక్తి అది నొక్కుకునే దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరం సగమైతే అదే దెబ్బ మింగడానికి స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిగా ఉండాలి. మరి కోసిన స్ప్రింగు ఎంత గట్టిపడుతుంది? పని చేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటిన్నర కోస్తే నాలుగున్నర మిగులుతాయి. గట్టిదనం మూడో వంతు పెరుగుతుంది. కావాల్సింది నాలుగు రెట్లు, వచ్చింది ఒకటీ పావలా చిల్లర. మిగతాది ఎవరు మోస్తారు? బంప్ స్టాపర్ మోస్తుంది. దానివల్ల కాకపోతే బాడీ మోస్తుంది. ఆ తర్వాత వెనక సీట్లో కూర్చున్న వాళ్ల నడుములు మోస్తాయి.

గ్యాస్ మంటతో స్ప్రింగు కాల్చి కూర్చోబెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కోయడం కంటే ఘోరం. స్ప్రింగు ఉక్కుని కంపెనీలో లెక్క ప్రకారం కాచి, ముంచి, మళ్లీ కాస్తారు. మీరు ఎర్రగా కాల్చగానే ఆ వైద్యం అంతా పోతుంది. ఇవాళ రెండు అంగుళాలు దిగింది, ఎల్లుండి మూడు దిగుతుంది, తర్వాత ఒకవైపే దిగుతుంది. కమాన్ కట్టలున్న బళ్లకి దిమ్మలు పెట్టి దించడం వేరే విద్య, ఇవాళ దాని జోలికి పోను.

2008 కార్తీక మాసం. మా అక్క కొడుక్కి అప్పుడే ఉద్యోగం వచ్చింది, సెకండ్ హ్యాండ్‌లో మారుతి జెన్ కారు కొన్నాడు. తెల్లది. వాడు ఆ బండిని కడిగినంతగా వాళ్లమ్మ దేవుడి సామాను కడిగి ఉండదు. "మావయ్యా, బండి కింద కూర్చోవాలి" అన్నాడు. స్ప్రింగులూ షాకబ్జర్లూ సెట్టుగా తెప్పిస్తే ఇంత అవుతుందిరా అన్నాను. వాడి మొదటి జీతం కంటే ఎక్కువ. "నువ్వే మెకానిక్‌వి కదా, కోసెయ్" అన్నాడు. కుదరదన్నాను. రెండోసారి వచ్చాడు, కుదరదన్నాను. మూడోసారి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వాడి ముచ్చట తీర్చరా, ఎన్నాళ్లకి నోరు తెరిచి ఒకటి అడిగాడు" అంది.

నలభై నిమిషాల పని. నాలుగు స్ప్రింగులూ విప్పి, తలా ఒకటిన్నర చుట్టు కోశాను. బిగించి బయటికి తీస్తే పక్క షెడ్ల వాళ్లు వచ్చి చూశారు. భుజం తట్టారు. నాకూ గర్వంగానే ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను.

తర్వాతి వారం బంధువుల పెళ్లికి బయల్దేరారు. బండిలో ఐదుగురు, డిక్కీలో సామాను. అక్క వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంది. ఆ బండికి వెనకాల స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. కంపెనీ స్ప్రింగు అయితే చక్రం పూర్తిగా వేలాడినా దాన్ని పట్టుకునే గిన్నెలో బిగువుగా కూర్చుంటుంది. నేను కోసింది పొట్టిదైపోయింది. చక్రం వేలాడగానే వదులైపోయేది. కోసిన కొస కూర్చోడానికి గిన్నెలో చోటు కూడా కుదరలేదు. కంకిపాడు దాటాక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగారు. వెనక ఎడమవైపు స్ప్రింగు గిన్నెలోంచి జరిగింది. వాడికి టక్‌మని చప్పుడు వినపడిందట. నాకు ఫోన్ చేద్దామనుకుని పెళ్లికి టైమవుతోందని చేయలేదట. ఇంకో గోతిలో వెనక చక్రం పడేసరికి బాడీ టైరు మీద కూర్చుంది. బండి రోడ్డు దిగి తుమ్మచెట్టుకి కొట్టుకుంది.

అందరూ బతికారు. అక్కకి ఎడమ కాలర్ బోన్ విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా పైకి లేవదు. జడ కోడలు వేస్తుంది. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ "ఆ స్పీడ్ బ్రేకర్ సరిగ్గా వేయలేదండీ" అనేది. స్ప్రింగుల మాట ఒక్కళ్లతోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మీ చేతుల్లో తిరుగుతున్నది ఆ ఎడమవైపు స్ప్రింగు ముక్క. మిగతా మూడూ పాత ఇనుముకి వేసేశాను.

అయినా అక్క అన్నది పూర్తిగా అబద్ధం కూడా కాదు. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన స్పీడ్ బ్రేకర్‌కి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. మన వీధుల్లో సిమెంటు ఎంత మిగిలితే అంత ఎత్తు. కంపెనీ ఎత్తులో ఉన్న బళ్లకే ఆయిల్ చాంబర్లు పగులుతున్నాయి.

ఎక్కడున్నాను? ఆఁ, మరి దించడానికి మంచి పద్ధతే లేదా అంటారు. ఉంది. దించడానికని తయారు చేసిన స్ప్రింగులు, వాటికి జతగా పొట్టి స్ట్రోకు షాకబ్జర్లు. రెండూ కలిపి. 25, మహా అయితే 30 మిల్లీమీటర్లు. పాత షాకబ్జర్ మీద కొత్త స్ప్రింగు వేస్తే సగం పనే. గట్టి స్ప్రింగు ఎగదన్నడాన్ని అది ఆపలేదు. స్ప్రింగూ షాకబ్జరూ ఒకటిగా ఉండి ఎత్తు మార్చుకోగల కాయిల్ ఓవర్లలో రెండు రకాలున్నాయి. ఒక రకంలో స్ప్రింగు కింద రింగు తిప్పి దించుతారు, అప్పుడు స్టాపర్‌కి ఉన్న దూరమే తగ్గుతుంది. రెండో రకంలో కింది బ్రాకెట్ తిరిగి షాకబ్జర్ మొత్తం పొడవు మారుతుంది, లోపలి దూరం మిగులుతుంది. డబ్బు పెడితే రెండోదానికే పెట్టండి. ఎయిర్ సస్పెన్షన్ అంటే వోల్వో బస్సుల్లో బెలూన్ల లాంటిదే. స్పీడ్ బ్రేకర్ వస్తే లేపుకోవచ్చు. కానీ కంప్రెసరు, పైపులు, వాల్వులు, లీకులు. వారానికోసారి నా మొహం చూడాలి.

ఏది చేసినా ఆర్మ్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. వీల్ అలైన్‌మెంట్ ఒకసారి చేయించి, స్ప్రింగులు సర్దుకున్నాక మళ్లీ చూడాలి. లేకపోతే టైరు లోపలి అంచు బోడి అయిపోతుంది, బయటి నుంచి కనపడదు. కొన్ని బళ్లలో వెనక యాక్సిల్‌కీ బాడీకీ మధ్య చిన్న లివరు ఉంటుంది. లోడు ఎక్కి బాడీ దిగితే వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. మీరు దించింది దానికేం తెలుసు, లోడు ఎక్కిందనుకుంటుంది. ఖాళీ బండిలో సడన్ బ్రేకు కొట్టి వెనక చక్రాలు ఎలా పట్టేస్తాయో చూడండి. వద్దు, చూడకండి.

మా అమ్మాయి అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉంటుంది. అక్కడికి పోయినప్పుడు అల్లుడు ఒక ఆదివారం లోరైడర్లు చూపించడానికి తీసుకెళ్లాడు. 1960ల నాటి షెవర్లే ఇంపాలా కార్లు, నేలని నాకుతున్నట్టు ఉంటాయి. కాలిఫోర్నియాలో 1958లో ఒక చట్టం వచ్చింది, బండిలో ఏ భాగమూ రిమ్ము అడుగు కంటే కిందికి ఉండకూడదని. మరుసటేడే రాన్ అగిరే అనే ఆయన తన కార్వెట్‌కి విమానాల హైడ్రాలిక్ సామాను బిగించుకున్నాడు. పోలీసు కనపడితే లేపడం, పోగానే దించడం. ఆ నిషేధం 2024 జనవరి నుంచి తీసేశారు. నాకు నచ్చిన సంగతి వేరే. వాళ్లు బండి దించేది నెమ్మదిగా తోలడానికి! మనిషి నడిచేంత వేగంతో పోతున్నారు, పక్కన పిల్లలు చేతులూపుతున్నారు. మనవాడు దించేది నూట నలభైలో పోవడానికి.

మన చట్టం సంగతీ వినండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన దాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. తర్వాత వచ్చిన 182ఎ సెక్షన్‌లో ఓనరుకి ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ ఉండొచ్చు. మరి ఈ మాటలన్నీ ఎందుకు చెప్తున్నావయ్యా అంటారా ప్రిన్సిపాల్ గారూ? నేను చెప్పకపోతే వీళ్లు చెట్టు కింద గ్రైండరు పట్టుకుని నేర్చుకుంటారు. నేను అలాగే నేర్చుకున్నాను.

నేనైతే షెడ్డుకొచ్చిన కుర్రాడి బండికి ముందు పాత బుష్‌లు, పాత షాకబ్జర్లు మారుస్తాను. కంపెనీ ఎత్తులోనే. వారం తోలి రమ్మంటాను. సగం మంది దించే మాట మళ్లీ ఎత్తరు.

నమ్మని వాళ్ల కోసం సంచీలో జిప్ టైలు తెచ్చాను. షాకబ్జర్ రాడ్డుకి ఒకటి కట్టి కిందికంటా జరపండి. మీ రోజువారీ దారిలో, ఇంట్లో వాళ్లందర్నీ ఎక్కించుకుని, ఒకరోజు తోలండి. అది ఎంత పైకి జరిగిందో, స్టాపర్‌కి ఇంకా ఎంత మిగిలిందో కొలవండి. ఆ మిగిలిందే మీరు దించగలిగేది. నా పాత కారు బయట వేపచెట్టు కింద ఉంది, నిన్ననే ఒకటి కట్టి బందరు రోడ్డు మీద తిప్పాను. టేపు నా దగ్గరుంది. ఇందాక తల దించుకున్న అబ్బాయీ, నువ్వు రా, నువ్వే కొలువు. వచ్చేటప్పుడు వెనక వరసలోంచి ఆ ముక్క తీసుకురా.